విశాఖలో డాబా మీద బార్బెక్యూ: వండేటప్పటి కంటే తిన్నాకే ఎక్కువ జాగ్రత్త కావాలి

మీరు అడిగింది ఇది: లాసన్స్ బే కాలనీలో సొంత ఇల్లు, డాబా మీద మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు. కొని ఏడాదిన్నర అయింది. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లు పడింది, ఒక కాలు ఊగుతోంది, మూత మీద గాలి రంధ్రాలు మూసే బిళ్ల బిగుసుకుపోయి తిరగడం లేదు. పోయిన ఆదివారం చికెన్ కాలుస్తుంటే మంట ఒక్కసారిగా పైకి లేచి మీ అబ్బాయి చేతికి సెగ తగిలింది. మీ బావమరిది గ్యాస్ గ్రిల్లు కొనెయ్యమంటున్నారు, మీ ఆవిడ అసలు ఇంట్లోనే వద్దంటున్నారు. భయం లేకుండా వాడుకునే దారి ఉందా అని మీ ప్రశ్న.

ఉంది. హోటళ్లలో, రిసార్టుల్లో గ్రిల్లులు, తందూరీ పొయ్యిలు బాగుచేయడం నా వృత్తి. రుషికొండ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున ఉన్న వంటిళ్లలో ఇనుము ఎంత తొందరగా పాడవుతుందో చూస్తూనే ఉంటాను. మీరు రాసిన తుప్పు, బిగుసుకున్న బిళ్ల, ఎగిసిన మంట, ఈ మూడింటికీ మూలం ఒకటే. తిన్నాక గ్రిల్లుని అలాగే వదిలేసి కిందికి దిగిపోతున్నారు. బూడిద లోపలే ఉంటోంది, జిడ్డు ఊచలకే ఉంటోంది, పైన ఉప్పుగాలి వీస్తోంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. వెలిగించేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. కడుపు నిండాక ఎవరికీ ఓపిక ఉండదు. గ్రిల్లు పాడయ్యేదీ, ప్రమాదానికి పునాది పడేదీ అప్పుడే.

ముందు బూడిద సంగతి. బొగ్గుల బూడిదలో లవణాలు ఉంటాయి, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మన ఊళ్లో గాలే ఉప్పుగాలి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీరు కారుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఇళ్లలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ మాత్రం ఉంటుంది. అంటే మీ గ్రిల్లు అడుగున ఉన్న బూడిద వాన పడకపోయినా తడిసి ముద్దై రేకుని అంటిపెట్టుకుని ఉంటుంది, ఆరదు. ఆ ముద్ద కింద రేకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. మీరు చెప్పిన చిల్లు సరిగ్గా బూడిద పోగయ్యే చోటే పడి ఉంటుంది, ఒకసారి చూడండి. అడుగున బూడిద పట్టే పళ్లెం అల్యూమినియందైతే తడి బూడిదలోని క్షారం దాన్ని కూడా తినేస్తుంది.

అలాగని వేడి బూడిదని అప్పటికప్పుడు ఎత్తి పారబోయాలని తొందరపడకండి. నివురు గప్పిన నిప్పు అంటాం కదా, ఇక్కడ అది అక్షరాలా నిజం. పైకి తెల్లగా, చల్లగా కనిపించే బూడిద లోపల బొగ్గు ముక్క మరుసటి రోజు దాకా కూడా ఎర్రగా ఉండగలదు. పూర్తిగా చల్లారడానికి 48 గంటలు ఇవ్వమని అగ్నిమాపక నిపుణులు చెప్పేది ఊరికే కాదు. ఆ బూడిదని ప్లాస్టిక్ బకెట్‌లోనో పాలిథిన్ కవర్‌లోనో పోసి మెట్ల దగ్గర పెట్టారా, తెల్లారేసరికి బకెట్ కరిగి ఉంటుంది, పక్కన అట్టపెట్టెలుంటే అవీ అంటుకుంటాయి. చెత్త బండిలో పొడి చెత్తతో కలిపి వేస్తే బండే తగలబడుతుంది. పక్కనున్న ఖాళీ స్థలంలో పారబోస్తే ఎండు గడ్డి ఉంటుంది, సముద్రపు గాలి ఉండనే ఉంటుంది.

చేయాల్సింది ఇలా. చివరి ముక్క దించగానే పైన, కింద ఉన్న గాలి రంధ్రాలు రెండూ మూసి మూత పెట్టేయండి. గాలి అందక బొగ్గులు వాటంతట అవే ఆరిపోతాయి. మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది కూడా. మరునాడు సాయంత్రం మూత తీసి, అరచేతి వెనక వైపు బూడిదకి జానెడు ఎత్తులో పెట్టి చూడండి. వెచ్చదనం తగలకపోతే ఒక ఇనుప చువ్వతో అడుగు దాకా కెలకండి. ఈ పని చీకటి పడ్డాక చేస్తే మంచిది. పగలు కంటికి ఆనని ఎర్రటి చుక్క చీకట్లో ఇట్టే కనబడుతుంది. ఒక్క చుక్క కనబడినా మళ్లీ మూత పెట్టి ఇంకో రోజు ఆగండి. ఏమీ లేదనుకున్నాక కూడా బూడిదని మూత ఉన్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి. పాత నూనె డబ్బా ఒకటి దీనికోసమే పెట్టుకోండి. అందులో నీళ్లు పోసి కర్రతో కలిపి, ఆ తర్వాతే పారేయండి. వేడిగా ఉన్న గ్రిల్లులో మాత్రం నీళ్లు పోయకండి. గుప్పున లేచే ఆవిరి ముఖం మీదికి కొడుతుంది, గ్రిల్లుకి ఉన్న ఎనామిల్ పూత కూడా పగులుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి చెయ్యి కాలబోయిన మంట. కొవ్వు, మసాలాలో కలిపిన నూనె కారి నిప్పుల మీద పడితే ఆవిరై భగ్గుమంటుంది. ఒకటీ రెండూ చుక్కలు పడితే చిన్న మంట లేచి ఆగిపోతుంది. కానీ పోయినసారి, అంతకుముందుసారి కారిన జిడ్డు ఊచల మీద, గ్రిల్లు లోపలి గోడల మీద పేరుకుని ఉంటే అది కూడా కలిసి అంటుకుంటుంది. మీ దగ్గర జరిగింది ఇదే అయి ఉంటుంది. మసాలాలో నూనె తగ్గించండి, ముక్కని ఊచల మీద పెట్టేముందు గిన్నె అంచుకి తట్టి కారేదంతా కారనివ్వండి. అంతకంటే ముఖ్యం, నిప్పుల్ని గ్రిల్లు నిండా పరచకండి. ఒక పక్కకి నెట్టి రెండో పక్క ఖాళీగా ఉంచండి. మంట లేస్తే పట్టకారుతో ముక్కల్ని ఖాళీ వైపు జరపండి, అంతే. కోడి కాళ్లు, తోలుతో ఉన్న ముక్కలు మొదట ఖాళీ వైపే మూత పెట్టి ఉడకనిచ్చి చివర్లో నిప్పుల మీదికి తెస్తే లోపల పచ్చిగా ఉండిపోయే సమస్య కూడా తీరుతుంది.

మంట చెయ్యి దాటిపోతే నీళ్లు చల్లకండి. మరిగే కొవ్వు మీద పడిన నీళ్లు ఒక్క క్షణంలో ఆవిరై కొవ్వుని తుంపరగా చుట్టూ చిమ్ముతాయి, ఆ తుంపరంతా మంటే. మూత పెట్టి గాలి రంధ్రాలు మూసేయాలి. అందుకే మీ మూత మీద బిళ్ల తిరగకపోవడం చిన్న రిపేరు కాదు. గ్రిల్లుకి బ్రేకు అదొక్కటే, అది లేకుండా మీరు ఏడాదిగా వండుతున్నారేమో. దాన్ని విప్పేవరకు ఒక్క బొగ్గు కూడా వెలిగించకండి. విప్పడం తేలికే. బిళ్ల అంచుల్లో, మధ్య రివెట్ దగ్గర వంటనూనె పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చెక్క ముక్క అడ్డం పెట్టి చిన్న సుత్తితో అటూ ఇటూ నెమ్మదిగా తట్టండి. కదిలిందంటే అక్కడ పేరుకున్న మసి, జిడ్డు గీకి తుడిచేయండి, ఆ తర్వాత వండిన ప్రతిసారీ రెండు వైపులా తిప్పుతూ ఉండండి. కదలనే కదలకపోతే రివెట్ కొట్టించి కొత్త బిళ్ల వేయించుకోవాలి.

చిల్లు, ఊగే కాలు వెల్డింగ్ షాపు పని. ఆటోనగర్ వైపు ఎవరైనా గంటలో చేసిచ్చేస్తారు. ఒక్క విషయం మీరు దగ్గరుండి చెప్పాలి, మాటు వేసేది మామూలు ఇనుప రేకుతోనే వేయాలి. జీఐ రేకు తుప్పు పట్టదు సార్ అని దాన్నే వేయబోతారు. జీఐ మీద ఉన్నది జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, గాలి బాగా తగిలే బొగ్గుల వేడి దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. ఆ జింకు పొగ పీలిస్తే కొన్ని గంటలకి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. వెల్డర్లకి ఈ జ్వరం బాగా తెలుసు. పిల్లలు తినే తిండి కింద ఆ పూత ఉండకూడదు. ఊచల బదులు జీఐ మెష్ ముక్క కత్తిరించి వాడేవాళ్లున్నారు, అదీ తప్పే. లోపలి వైపు ఏ పెయింటూ వద్దు. బయట వేడికి తట్టుకునే పెయింట్ వేయించండి, ఉప్పుగాలి నుంచి అది కాపాడుతుంది. ఇదే సందర్భంలో ఇంకో మాట: డ్రమ్ము సగానికి కోసి గ్రిల్లు చేయించుకునేవాళ్లు ఆ డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో తెలియకపోతే దాన్ని ముట్టుకోకపోవడం మంచిది. ఎంత కాల్చినా రసాయనం పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కొత్త ఊచలు కొనాల్సి వస్తే స్టీలు అని రాసి ఉంటే సరిపోదు, నంబరు అడగండి. చవగ్గా దొరికేది చాలావరకు 202. మన బీచ్ గాలికి దాని మీద ఏడాది తిరక్కుండానే గోధుమ రంగు చుక్కలు వస్తాయి. 304 నయం. సముద్రానికి ఎదురుగా ఉండేవాళ్లకి 316 ఉత్తమం, అందులో కలిపే మాలిబ్డినం అనే లోహం ఉప్పుకి తట్టుకుంటుంది, కాకపోతే ధర ఎక్కువ. నన్నడిగితే ఇంటి వాడకానికి బరువైన పోత ఇనుప ఊచలే బాగుంటాయి. దోసె పెనంలాగే వాటిని నూనెతో పదును చేసుకోవాలి. కడిగి, ఆరబెట్టి, నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి, మళ్లీ రాసి కాస్తే నల్లటి గట్టి పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పూ పట్టదు, వంజరం ముక్క తోలు అంటుకోవడమూ ఉండదు. నూనె సీసాతో మాత్రం నిప్పుల మీదున్న ఊచలకి పోయకండి. బట్ట ముక్కని చిన్న ఉండలా చుట్టి నూనెలో ముంచి, పిండి, పొడవాటి పట్టకారుతో పట్టుకుని రాయాలి.

ఊచలు శుభ్రం చేయడానికి తీగల బ్రష్ వాడుతుంటే ఈ రోజే పారేయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పాతబడిన బ్రష్ నుంచి సన్నటి ఉక్కు తీగలు ఊడి ఊచలకి అంటుకుంటాయి, అక్కడి నుంచి ముక్కలోకి, ముక్కలోంచి గొంతులోకి వెళతాయి. చేపలో ముల్లు వెతుక్కుని తినే అలవాటు మనకుంది కానీ చికెన్‌లో తీగ ఉందని ఎవరు చూస్తారు? అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఇలా తీగలు మింగి ఆసుపత్రి పాలైన ఆరుగురి వివరాలు ప్రచురించింది. కొందరికి గొంతులో గుచ్చుకుంది, కొందరికి పేగుకే చిల్లు పడింది. మన ఊళ్లో దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. బ్రష్ బదులు ఊచలు ఇంకా వేడిగా ఉండగానే సగం కోసిన ఉల్లిపాయని పొడవాటి ఫోర్కుకి గుచ్చి రుద్దండి, లేదా అల్యూమినియం ఫాయిల్‌ని ఉండగా నలిపి పట్టకారుతో రుద్దండి. చల్లారాక కొబ్బరి పీచు, గిన్నెలు తోమే సబ్బు చాలు. మొండి జిడ్డుకి వంట సోడా ముద్ద రాసి అరగంట ఆగి తోమండి.

కడిగే నీళ్ల సంగతి కూడా చూసుకోండి. బీచ్ దగ్గర చాలా బోర్లలో ఉప్పు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ఉప్పుని మీరే పూసినట్టవుతుంది. ఆఖరున ఒక్కసారైనా కుళాయి మంచినీళ్లతో కడిగి పొడిబట్టతో తుడవండి. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ రెండూ గ్రిల్లు దగ్గరికి రానివ్వకండి. అవి మెరుపు తెచ్చినట్టు కనిపిస్తాయి కానీ వాటిలోని క్లోరైడ్ స్టీలుకి సూది మొనంత గుంటలు చేస్తుంది, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. యాసిడూ బ్లీచింగూ కలిస్తే విషవాయువు వస్తుంది, అది వేరే ప్రమాదం. అడుగున బూడిద అంటకుండా బీచ్ ఇసుక పరిచే అలవాటు కొందరికి ఉంది. అందులో ఉప్పు ఉంటుంది, వద్దు.

ఇక అన్నిటికంటే నాకు భయం కలిగించే విషయం. వాన మొదలైందనో గాలి ఎక్కువైందనో నిప్పులున్న గ్రిల్లుని మెట్ల గదిలోకి లాగడం. డాబా ఉన్న ప్రతి ఇంట్లో మెట్ల గది ఉంటుంది, చేతికి దగ్గరగా ఉంటుంది, పైకప్పు ఉంటుంది. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. అద్దాలు బిగించిన బాల్కనీ, సగం షట్టర్ వేసిన కారు షెడ్డు కూడా అంతే. బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మంట లేని, బూడిద కప్పిన నిప్పుల నుంచి అయినా వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. పొగ లేదు కాబట్టి పర్వాలేదనుకుంటాం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువుని పట్టుకుంటుంది, అంటే రక్తం తిరుగుతూనే ఉంటుంది కానీ ప్రాణవాయువు మోయదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. ఎండదెబ్బేమో, ఎక్కువ తిన్నామేమో అనుకుని కాసేపు నడుం వాలుస్తారు. ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే వెంటనే అందరూ ఆరుబయటికి వచ్చేయాలి, 108కి ఫోన్ చేయాలి.

ఇది మన ఊరికి ఇంకో కారణంగా కూడా ముఖ్యం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గ్యాస్ కూడా అయిపోతే ఇంట్లో బొగ్గుల కుంపటి వెలిగించాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, బయట గాలీ వానా కాబట్టి తలుపులు బిగించి ఉంటాయి. పూర్వం మన ఇళ్లలో కుంపట్లు వాడేవారు కదా అంటారు. ఆ ఇళ్లకి పెంకుల సందులు, ఎత్తు పైకప్పులు, పొగగూళ్లు ఉండేవి. ఇప్పటి ఫ్లాట్లలో గాలి ఎక్కడి నుంచి పోతుంది? తుఫాను రోజుల్లో అటుకులు, అరటిపళ్లు తిని గడపొచ్చు, బొగ్గు మాత్రం ఇంట్లోకి తేవద్దు. వండుతుండగా వాన పట్టుకుంటే మూత పెట్టి, రంధ్రాలు మూసి, గ్రిల్లుని అక్కడే వదిలి మీరు లోపలికి రండి. తడిస్తే తడుస్తుంది.

డాబా మీద ఎక్కడ పెట్టాలంటే, గోడకి, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుకి, కేబుల్ తీగలకి, బట్టలారేసే తాడుకి కనీసం పదడుగుల దూరంలో. కొబ్బరి చెట్టు మట్ట డాబా మీదికి వాలి ఉంటే దాని కింద అసలు వద్దు. మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి వీచే గాలి బలంగా ఉంటుంది, రాత్రి పొద్దుపోయాక అది మందగించి నేల వైపు నుంచి తిరుగుతుంది. కాబట్టి సాయంత్రం వెలిగించినప్పుడు నిప్పురవ్వలు పడని వైపు, రాత్రి తొమ్మిదింటికి పడే వైపు కావచ్చు, ఒకసారి చుట్టూ చూసుకోండి. చలవ టైల్స్ వేసిన డాబా అయితే గ్రిల్లు కింద ఇటుకలు పరిచి వాటి మీద రేకు వేయండి, లేకపోతే నిప్పు పడిన చోట టైల్ పగులుతుంది. ఏరుకొచ్చిన గుండ్రాళ్లు నిప్పుల్లో పెట్టకండి, లోపల తేమ ఉంటే పేలతాయి.

వెలిగించడానికి పెట్రోలు, కిరోసిన్, శానిటైజర్ ఏదీ వద్దు. శానిటైజర్ మంట పగటి వెలుగులో కనబడదు కూడా. అంటుకోలేదనుకుని ఇంకొంచెం పోస్తారు, మంట ఆ ధార పట్టుకుని చేతిలో సీసా దాకా వస్తుంది. చిమ్నీ స్టార్టర్ అని ఇనుప గొట్టం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు కూడా. కింద నలిపిన కాగితాలు, ఎండు కొబ్బరి పీచు పెట్టి పైన బొగ్గులు నింపి అంటిస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర వస్తుంది, అప్పుడు గ్రిల్లులోకి వంచుకోవాలి. సరుగుడు బొగ్గు తొందరగా అంటుకుంటుంది కానీ చిటపటమని రవ్వలు చిమ్ముతుంది. కొబ్బరి చిప్పల బొగ్గు నిదానంగా, ఎక్కువసేపు ఉంటుంది. గాలున్న డాబా మీద నేనైతే రెండోదే ఎంచుకుంటాను. మీ ఆవిడా, పిల్లలూ దగ్గరికొచ్చేటప్పుడు వేలాడే చున్నీలు, నైలాన్ బట్టలు ఉండకూడదు. గ్రిల్లు చుట్టూ ఒక మీటరు దూరంలో సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత లోపలికి పట్టకారు పట్టుకున్న మనిషి ఒక్కరే రావాలని పిల్లలకి చెప్పండి. పిల్లలు గీతని బాగా గౌరవిస్తారు.

చేతికి అందేంతలో మంటలార్పే రెండు కిలోల ఏబీసీ పొడి సిలిండర్, ఒక బకెట్ పొడి ఇసుక ఉంచండి. ఇంకో బకెట్ నీళ్లు కూడా ఉండాలి, అది కొవ్వు మంటకి కాదు, మనుషులకి. ఎవరికైనా కాలితే ఆ చోట ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద ఉంచాలి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న ఏదీ రాయొద్దు, అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, డాక్టరు దగ్గర వాటిని తుడవడం ఇంకో బాధ. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదో వేళ్ల మీదో కాలినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మీ అబ్బాయికి సెగ తగిలిన చోట ఇప్పటికీ ఎర్రగా ఉంటే ఒకసారి చూపించండి.

తిండి గురించి క్లుప్తంగా: పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలో కాలిన ముక్కలు పెట్టకండి, మసాలా నానబెట్టిన రసాన్ని చివర్లో పైన పూయకండి. కోడి ముక్క లోపల 74 డిగ్రీలు రావాలి, థర్మామీటరు ఉంటే ఈ గొడవే లేదు. మన ఎండల్లో రొయ్యలు, చేపలు గంట దాటి బయట ఉంచొద్దు.

మీ బావమరిది చెప్పిన గ్యాస్ గ్రిల్లు మంచిదే, బూడిద బాధ ఉండదు. అయితే జిడ్డు బాధ అలాగే ఉంటుంది, ఉప్పుగాలి అలాగే ఉంటుంది, కొత్తగా గ్యాస్ బాధ్యత వచ్చి చేరుతుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పారి మూలల్లో, మెట్ల మీదుగా కింది గదుల్లో చేరుతుంది. డాబాకి పిట్టగోడ నాలుగు వైపులా ఉంటే గ్యాస్ అక్కడే నిలుస్తుంది. సిలిండర్ ఎప్పుడూ నిటారుగా, గ్రిల్లు కింద కాకుండా పక్కన ఉండాలి. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపే వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. ఎండలో ఉండే పైపుని అంతకంటే ముందే వంచి చూసి పగుళ్లు కనబడితే మార్చేయాలి. వెలిగించే ముందు ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గర, పైపు చివర్ల దగ్గర సబ్బు నురగ రాయండి. బుడగ ఉబ్బితే లీకున్నట్టే. అగ్గిపుల్లతో చూడటం ప్రాణాలతో చెలగాటం. వాసన వస్తే వాల్వు కట్టేసి, స్విచ్చులు ముట్టుకోకుండా కిందికి దిగి 1906కి ఫోన్ చేయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: నెలల తరబడి వాడకపోతే బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూడు పెడతాయి, మట్టిగూడు కట్టే కందిరీగలూ దూరతాయి. గ్యాస్ ముందుకి పోలేక వెనక్కి తన్ని నాబుల దగ్గర మంట వస్తుంది. అందుకని సీజన్ మొదట్లో గొట్టాలు విప్పి సన్నటి బ్రష్‌తో తోయాలి. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి ఐదు నిమిషాలు ఆగాలి, మూత కింద పోగైన గ్యాస్ ఒక్కసారి అంటుకుంటే కనుబొమ్మలతో పోదు.

నెలకోసారి నలుగురూ కూర్చుని తినే ఇంటికి నా సలహా, బొగ్గుల గ్రిల్లునే బాగుచేయించి ఉంచుకోండి. మరునాడు బూడిద తీసే ఓపిక ఎవరికీ లేదనుకుంటే గ్యాస్‌కి వెళ్లండి, అదీ విడిభాగాలు ఇక్కడ దొరికే కంపెనీది, మన ఎల్‌పీజీకి సరిపడేది అని రాసి ఉన్నది మాత్రమే. మీ ఆవిడ భయం అనవసరమైంది కాదు, ఊగే కాలుతో, తిరగని బిళ్లతో ఉన్న గ్రిల్లు చూసి భయపడటమే సరి. బాగయ్యాక ఆవిడకే చూపించి మూత పెట్టడం, రంధ్రాలు మూయడం ఒకసారి చేయించండి.

గ్రిల్లు మీద వేసే కవరు పూర్తిగా చల్లారి, ఆరిన తర్వాతే వేయండి. తడి మీద వేస్తే లోపల చెమ్మ పట్టి కవరు లేనప్పటి కంటే ఎక్కువ తుప్పు పడుతుంది. పది రోజులకోసారి తీసి గాలి తగలనివ్వండి. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం అని వార్త వినగానే బూడిద పూర్తిగా తీసేసి, ఊచలకి నూనె రాసి, మూతతో సహా గ్రిల్లుని మెట్ల గదిలో పెట్టేయండి. నిప్పు లేని గ్రిల్లుకి ఆ గది సరైన చోటే. డాబా మీద వదిలేస్తే తుఫాను గాలికి మూత ఎగిరి ఎవరి కిటికీకి తగులుతుందో చెప్పలేం. ముందుగా ఈ వారంలో బిళ్ల విప్పించి, అడుగు మాటు, కాలు వెల్డింగ్ చేయించండి. మాటు వేయించాక మొదటిసారి తిండి లేకుండా అరగంట ఖాళీగా కాల్చి, చల్లారాక తుడిచి, ఆ తర్వాత వంటకి వాడండి. వెల్డింగ్ చోట మళ్లీ పొగో వాసనో వస్తుంటే ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.